ఈ ఎండను దేవుని మీద మోపకండి



మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశాల గురించి ఈ వారం కొంచెం కఠినంగానే రాయాల్సి వస్తోంది. ఎండ ముదిరిందా, రాకడ దగ్గర పడిందని ఒక మెసేజ్. వరద వచ్చిందా, దేవుని ఉగ్రత దిగిందని ఇంకొకటి. తుపాను తీరం దాటకముందే దానికొక వచనం అతికించి, వెనుక ఏడుపు సంగీతం పెట్టి, వీడియో తయారై వచ్చేస్తుంది. పంపేవారిలో ఎక్కువమంది భక్తితోనే పంపుతున్నారని మాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు. మనుషులు చేసిన పనిని తీసుకెళ్ళి దేవుని ఖాతాలో రాస్తున్నాం. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని చిన్నప్పుడే సండే స్కూల్లో కంఠతా పట్టినవాళ్ళం. మరి దేవుని మీదే చెప్పవచ్చా?

జరిగిందేమిటో ముందు తిన్నగా చూద్దాం. మన చుట్టూ ఉన్న గాలిలో బొగ్గుపులుసు వాయువు అని ఒకటుంది. బడికెళ్ళే పిల్లల్ని అడిగితే కార్బన్ డయాక్సైడ్ అంటారు. అది గాలిలో చాలా కొద్దిగా ఉంటుంది, ఉండాలి కూడా. ఎండకు కాగిన నేల తన వేడిని తిరిగి పైకి వదులుతుంటే, ఈ వాయువు అందులో కొంత పట్టి ఉంచుతుంది. చలికాలంలో కప్పుకునే దుప్పటి లాంటిదనుకోండి. గాలిలో ఇలాంటి దుప్పటే లేకపోతే భూమి గడ్డకట్టుకుపోయేది. ఆ కొలత పెట్టింది సృష్టికర్తేనని మనం నమ్ముతాం.

ఆ కొలతను మార్చింది ఎవరు? బొగ్గుతో నడిచే మిల్లులు, రైళ్ళు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళు ఈ వాయువు ఉండేది. 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయి దీవిలో మౌనా లోవా కొండ మీద విడవకుండా కొలవడం మొదలుపెట్టేనాటికి 315 దగ్గరకు చేరింది. ఇప్పుడు 420 దాటింది. ఎక్కడి నుంచి వచ్చింది ఇదంతా? భూమి లోపల దాగి ఉన్న బొగ్గును, చమురును, గ్యాసును తవ్వి తీసి తగలబెట్టినందువల్ల వచ్చింది. అడవులు నరికినందువల్ల వచ్చింది. (ఆ బొగ్గు తయారవడానికి ఎన్నేళ్ళు పట్టిందన్న వాదన పెట్టుకోవద్దని యువకులకు మనవి. ఎన్నేళ్ళు పట్టినా, దాన్ని మనం రెండు వందల ఏళ్ళలో పొగగా మార్చాం.) ఒక దుప్పటి చాలిన చోట రెండోది కప్పుకుని, ఉక్కపోస్తోందని పైకి చూసి మొరపెడుతున్నాం.

ఇది నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కూడా కాదు. ఈ వాయువు వేడిని పట్టి ఉంచుతుందని 1859లో జాన్ టిండాల్ ప్రయోగశాలలో చూపించాడు. గాలిలో ఇది పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో స్వీడన్ దేశస్థుడు స్వాంటే అరీనియస్ కాగితం మీద లెక్క కట్టాడు. మన దేశానికి స్వాతంత్ర్యం రాకముందు మాట ఇది.

"వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంటుంది అయ్యగారూ, సూర్యుడే వేడెక్కుతున్నాడేమో" అని ఒక సహోదరుడు అడిగారు. మంచి ప్రశ్నే, కొట్టిపారేయకూడదు. సూర్యుని నుంచి వచ్చే వేడిని 1970ల చివరి నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి. ఇన్నేళ్ళలో అది పెరుగుతూ పోయిన దాఖలా లేదు. ఇంకొకటి చూడండి. సూర్యుడే కారణమైతే గాలి పై పొర, కింది పొర రెండూ వేడెక్కాలి. అలా జరగడం లేదు. కింది పొర వేడెక్కుతోంది, బాగా ఎత్తున ఉన్న పై పొర చల్లబడుతోంది. దుప్పటి కింద వాడికి చెమట పడుతుంటే దుప్పటి పైన చల్లగా ఉన్నట్టు. ఇక అగ్నిపర్వతాలంటారా, ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిసి వదిలే బొగ్గుపులుసు వాయువు, మనుషులు వదిలే దానిలో నూరో వంతు కూడా లేదు. 2021లో ఐక్యరాజ్యసమితి వారి శాస్త్రజ్ఞుల సంఘం, మనిషి వల్లే భూమి వేడెక్కిందన్న దానిలో ఇక సందేహమే లేదని తేల్చింది.

2024లో భూమి సగటు వేడి, మిల్లులు రాకముందు కాలం కంటే ఒకటిన్నర డిగ్రీ పైకి పోయింది. కొలతలు మొదలైన తరువాత అంత వేడి సంవత్సరం ఇంకొకటి లేదు. ఒకటిన్నర డిగ్రీయేనా అని నవ్వుతారు కొందరు. 37 డిగ్రీలు ఉండాల్సిన బిడ్డ ఒళ్ళు 38న్నరకు వెళితే ఏ తల్లి నవ్వుతుందో చెప్పండి.

ఇక ఆ మెసేజ్‌ల సంగతికి వద్దాం.

"ఇది శిక్ష" అనే మాట ముందుగా. 2015 మే నెల మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. ఎవరు వాళ్ళు? ఎండలో పని మానుకోలేని కూలీలు, రేకుల కొంపల్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళు, నిలువనీడ లేనివాళ్ళు. ఏసీ గదిలో కూర్చుని లెక్కలు రాసుకునేవాడికి ఏమీ కాలేదు. ఇది దేవుని తీర్పు అనేవారు ఒక్క జవాబు చెప్పాలి. ఆయన తీర్పు ఉపాధి హామీ పనిలో గునపం పట్టుకున్న విధవరాలిని వెతుక్కుంటూ వచ్చి, బొగ్గు మీద కోట్లు గడించినవాడి గుమ్మం ముందు నుంచి తల వంచుకుని వెళ్ళిపోతుందా? సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్ళు అందరికంటే ఎక్కువ పాపులా అని ప్రభువే అడిగి, కాదని తానే చెప్పారు. ఆ భాగం మీద ప్రసంగాలు చేస్తాం, వడదెబ్బకు భర్త పోయిన ఇంటికి పరామర్శకు వెళ్ళి మాత్రం "దేవుని చిత్తం అమ్మా" అని చెప్పి వస్తాం. ఆ మాట ఓదార్పుగా వినిపిస్తుంది గానీ, దాని లోపల ఆ మనిషిని చంపింది దేవుడేనన్న నిందుంది.

మన డెల్టా వాళ్ళకు ఎండ ఎందుకు ఎక్కువ ప్రమాదమో కూడా తెలుసుకోవాలి. ఒంటికి పట్టిన చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, కారుతుంది. అనంతపురంలో 43 డిగ్రీల కంటే ఇక్కడ 40 డిగ్రీలే ఒక్కోసారి ఎక్కువ బాధ పెట్టవచ్చు. రాత్రిళ్ళు కూడా చల్లబడకపోతే గుండె జబ్బు ఉన్నవారికి తేరుకునే సమయమే దొరకదు.

ఇప్పుడు "రాకడ గురుతు" అనే మాట. రాకడను మేము నమ్ముతాం, ప్రకటిస్తాం. అయితే కరవులు, భూకంపాలు వస్తాయని చెప్పిన ప్రభువే, అవి చూసి కలవరపడవద్దనీ, అంతం అప్పుడే కాదనీ కూడా చెప్పారు. ఆ రెండో మాట మన వీడియోల్లో ఎందుకో కత్తిరింపుకు గురవుతుంది. ఆది సంఘం ఏం చేసిందో చూడండి. అగబు అనే ప్రవక్త లేచి గొప్ప కరవు రాబోతోందని చెప్పాడు. అంతియొకయలోని శిష్యులు దాన్ని గురుతుల పట్టికలో రాసుకుని ఊరుకోలేదు. ఎవరి శక్తి కొలది వారు చందా వేసి, యూదయలో ఉన్న సహోదరులకు బర్నబా, సౌలుల చేతికిచ్చి పంపారు. యోసేపు కూడా అంతే. ఏడేళ్ళ కరవు వస్తుందని తెలిసిన తరువాత ఫరోకు చెప్పింది కొట్లు కట్టించి ధాన్యం నిలవ చేయమనే. రాబోయేది ముందుగా తెలియడం దేవుడిచ్చే కృప అయితే, ఆ కృపతో చేయాల్సిన పని ఒకటుంటుంది.

మన కళ్ళ ముందే దీనికి రుజువుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేలమందికి పైగా కొట్టుకుపోయారు. ఆ రాత్రి బతికి బయటపడినవారు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నం మీదికి వచ్చినప్పుడు ఊరు ఊరంతా ధ్వంసమైంది, కానీ మన రాష్ట్రంలో పోయిన ప్రాణాలు వందకు లోపే. రెండు తుపానులూ ఒకటి కావు, ఉప్పెన ఎత్తులో తేడా ఉంది, ఒప్పుకుంటాం. అయినా ఆ రెండింటి మధ్య దేవుని మనసు మారిందని ఎవరైనా అంటారా? మారినవి హెచ్చరికలు, తుపాను షెల్టర్లు, లక్షలమందిని ముందే తరలించిన బస్సులు. మనుషుల పని వల్ల మరణాలు తగ్గగలవని ఒప్పుకుంటే, మనుషుల పని వల్ల ఆపదలు పెరగగలవని కూడా ఒప్పుకోవాలి. పెరుగుతున్నాయి కూడా. ఎక్కువైన వేడిలో తొంభై వంతులకు పైగా సముద్రమే తాగుతోంది. తుపానుకు మేత సముద్రపు వేడి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు, మోసినదంతా ఎక్కడో ఒకచోట కుమ్మరించాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. సరిగ్గా కోతల వేళ. కోసి పనల మీద ఉన్న వరి నీళ్ళలో నాని మొలకలెత్తింది. రంగు మారిన ధాన్యం పట్టుకుని రైతు మిల్లు చుట్టూ తిరిగితే, తేమ శాతం ఎక్కువని వెనక్కి పంపారు. కౌలు మాత్రం ఎవరూ తగ్గించలేదు.

అందుకే మూడో మాట మాకు ఇంకా బాధ కలిగిస్తుంది. "దేవుడు నోవహుతో నిబంధన చేశాడు, ధనుస్సు పెట్టాడు, లోకానికి ఏమీ కాదు" అంటారు. నిబంధన నిజం. జలప్రళయంతో సమస్త శరీరులను నాశనం చేయనని ఆయన మాట ఇచ్చాడు. మనం తవ్వుకున్న గోతిలో మనం పడమని ఎక్కడా మాట ఇవ్వలేదు. వాగ్దానాన్ని చూపించి తెగింపు చేయమన్నది ఎవరో మీకు తెలుసు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారు అన్నవాడు కూడా వాక్యమే ఎత్తాడు.

ఈ అజాగ్రత్తను పెంచి పోషించినవారు ఉన్నారు, వారి విషయం కూడా చెప్పాలి. అమెరికాలో పేరుపొందిన చమురు కంపెనీ ఎక్సాన్. దాని సొంత శాస్త్రవేత్తలు 1970ల చివరి నుంచే, చమురు కాల్చితే భూమి ఎంత వేడెక్కుతుందో లెక్కలు కట్టి యాజమాన్యం ముందు పెట్టారు. ఆ లెక్కల్లో ఎక్కువ భాగం నిజమయ్యాయని 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. లోపల ఆ కాగితాలు పెట్టుకుని బయట మాత్రం, ఇంకా ఏమీ తేలలేదు, అనుమానాలున్నాయి అని ఏళ్ళ తరబడి ప్రచారం చేశారు. యిర్మీయా కాలంలో అంతా క్షేమమే అని చెప్పిన అబద్ధ ప్రవక్తలకైనా బహుశా తాము చెప్పేది అబద్ధమని తెలియదేమో. వీళ్ళకు తెలుసు. అక్కడ పుట్టిన ఆ అనుమానమే ఇవాళ తెలుగు డబ్బింగ్‌తో మన ఫోనుల్లోకి వచ్చి, భక్తి వేషం వేసుకుని కూర్చుంది.

పాపం లెక్క తీస్తే ఎవరి వంతు ఎంత? చరిత్ర పొడవునా బొగ్గు, చమురు కాల్చి వదిలిన బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాది. ఇవాళ కూడా అక్కడ మనిషికి ఏడాదికి పధ్నాలుగు టన్నుల దాకా వస్తుంటే మన దేశంలో మనిషికి రెండు టన్నులు. మన పేటలో ఒక ఫ్యాను, రెండు లైట్లు ఉన్న ఇంటికి ఆ రెండు టన్నులు కూడా రావు. కాబట్టి కట్టెల పొయ్యి మీద గంజి కాచుకునే అవ్వను నిలబెట్టి పర్యావరణం గురించి బోధించేవారిని చూస్తే మాకు ఒళ్ళు మండుతుంది. అమెరికాలో ఉన్న మన బిడ్డలారా, మీరు ఈ సంఘానికి పంపే కానుకలకు కృతజ్ఞులం. మీరు వాడే కార్ల సంఖ్య గురించి, మీరు వెళ్ళే సంఘాల్లో ఈ విషయం మీద ఏం చెబుతున్నారన్న దాని గురించి కూడా ప్రేమతో అడుగుతున్నాం. పెళ్ళి కార్లు లెక్కపెట్టి దేవుడు దీవించాడని స్టేజీ మీద చెప్పే సేవకులకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

అలాగని మన చేతులు కడుక్కునే వీలు లేదు. మన దేశంలో కరెంటు ముప్పాతిక వంతు ఇంకా బొగ్గు నుంచే వస్తోంది. ఎండాకాలం ఏసీలు పెరుగుతాయి, ఆ ఏసీల కోసం ఇంకా బొగ్గు కాలుస్తారు, ఆ బొగ్గు వల్ల ఇంకా ఎండ. నీళ్ళు నిలబెట్టిన వరిచేలో గాలి ఆడని బురద నుంచి మీథేన్ అనే వాయువు పుడుతుంది. అది బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. చేను అప్పుడప్పుడు ఆరబెట్టి తడి ఇస్తే అది బాగా తగ్గుతుంది, నీళ్ళూ మిగులుతాయి. యంత్రంతో కోయించాక గడ్డికి నిప్పు పెట్టే అలవాటు మాత్రం మానుకోవచ్చు. పశువులకు మేత దొరకడం లేదని ప్రార్థన మనవులు ఇచ్చే ఊళ్ళోనే గడ్డి తగలబెడుతున్నాం.

అన్నిటినీ వాతావరణ మార్పు నెత్తిన రుద్దడం కూడా అబద్ధ సాక్ష్యమే. ఉప్పాడను సముద్రం కోసుకుంటూ వస్తోంది. ఇళ్ళు, గుడులు, రోడ్లు పోయాయి, జామ్దానీ చీరలు నేసే ఊరు అది. గత నూరేళ్ళలో ప్రపంచమంతటా సముద్ర మట్టం దాదాపు 20 సెంటీమీటర్లు పెరిగింది, ఆ వేగం ఇప్పుడు రెట్టింపుకు మించింది. అదొక కారణం. ఇంకోవైపు మన నదుల మీద కట్టిన ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోతోంది. డెల్టా అంటేనే ఒండ్రుతో కట్టిన నేల. కొత్త మట్టి రాకపోతే తీరం కరిగిపోతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ సంగతీ అంతే. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది, అంత ఎన్నడూ రాలేదు. అయితే సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణమ్మ కాదు, బుడమేరు. గట్లు తెగాయి. ఆ వాగు దారిలో ఇళ్ళ స్థలాలు అమ్మినదెవరు? అది వెళ్ళి కలిసే కొల్లేరులో చెరువులు తవ్వినదెవరు? 2006లో ప్రభుత్వమే దిగి కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెంచాల్సి వచ్చింది. మళ్ళీ ఎవరు కట్టారో ఆ చుట్టుపక్కల సంఘాల్లో ముందు బెంచీల మీద కూర్చునేవారికి బాగా తెలుసు. నాబోతు ద్రాక్షతోట కథ చదివి అహాబును తిట్టుకోవడం తేలిక.

జూన్ 5 వచ్చేసరికి బ్యానరు కట్టి, పాస్టరుగారి చేత ఒక మొక్క పెట్టించి, ఫోటో తీసి గ్రూపులో పెట్టడం ఒక ఆనవాయితీ అయ్యింది. మొక్కలు మంచివే. జూలైలో ఆ మొక్కకు నీళ్ళు పోసేవారి ఫోటో మాత్రం మేము ఇంతవరకు చూడలేదు. ఒక బొగ్గు కేంద్రం ఒక రోజులో వదిలేదాన్ని పీల్చడానికి ఎన్ని లక్షల చెట్లు, ఎన్నేళ్ళు కావాలో ఆలోచించండి. ఓటు అడగడానికి వచ్చేవారిని మనం సంఘానికి ప్రహరీ గోడ అడుగుతాం, సౌండ్ సిస్టమ్ అడుగుతాం. షెల్టరు బాగుచేయించమని, మురుగు కాలువ పూడిక తీయించమని, పేట ఇళ్ళ మీద సోలార్ పలకలు పెట్టించమని ఒక్కసారీ అడగలేదు.

పెద్దలతో మాట్లాడాం. మే నెలాఖరు వరకు ఆదివారం ఆరాధన ఉదయం ఆరున్నరకే మొదలై ఎనిమిదిన్నరకు ముగుస్తుంది. మందిరం తలుపులు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా తెరిచే ఉంటాయి, ఏ మతంవారైనా వచ్చి నీడన కూర్చోవచ్చు, కుండల్లో నీళ్ళు, మజ్జిగ ఉంటాయి. ఉపాధి పని పొద్దున పదిలోపు ముగించేలా చూడమని అర్జీ రాశాం, సంతకాలు కావాలి. తుపాను హెచ్చరిక వస్తే ఇక మీదట పాటల కంటే ముందు మైకులో అదే చెబుతారు. గేటు దగ్గర బల్ల మీద ఒక నోటు పుస్తకం పెడుతున్నాం. మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న ముసలివారి పేర్లు, మందులు వాడుతున్నవారి పేర్లు అందులో రాయండి. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టి రావాలి. ఈ పనికి యువకులు ఏడుగురు పేర్లు ఇచ్చారు, కనీసం ఇంకో పదిమంది కావాలి.